ఎదురుచుట్టు గుల్ల

శ్రీకాకుళం బస్టాండు ఎదురుగా నేను ఇరవై ఏళ్ళుగా కిళ్ళీ కట్టించుకునే బడ్డీ ఒకటి ఉంది. జంతుశాస్త్రం పాఠాలు చెప్పే మనిషి ఎర్ర పళ్ళతో క్లాసుకి వెళ్ళడం బాగుండదని మా ఆవిడ మొదటినుంచీ అంటూనే ఉంది, నేను మొదటినుంచీ వింటూనే ఉన్నాను. మొన్న మాఘమాసంలో వెళ్ళేసరికి బడ్డీ అతను ఆకు మీద ట్యూబులోంచి సున్నం పిండుతున్నాడు. ఇదేమిటయ్యా, గుల్లసున్నం ఏదని అడిగాను. ఇక రాదు మాస్టారూ, ఆ మామ్మ పోయి నెల దాటింది అన్నాడు. అని, వక్క తగ్గించమంటారా అని అడిగాడు.

అందరూ అన్నట్టే నేనూ అయ్యో అన్నాను. కిళ్ళీ బుగ్గన పెట్టుకుని రోడ్డు దాటుతుంటే నాకు కలిగింది దుఃఖమైతే ఎంత బాగుండును. నిజం చెప్పాలంటే ముందు వచ్చింది నిశ్చింత. నేను చేసిన పని తెలిసిన మనిషి ఇక లేదు కదా అనిపించింది. ఆ నిశ్చింత రోడ్డుకి అవతలి పక్కకి చేరేదాకా ఉంది. దాని వెనకాల వచ్చిన సిగ్గు మాత్రం ఇంకా నాతోనే ఉంది.

ఆమెని అందరూ సున్నం మామ్మ అనేవారు. వంశధార ఒడ్డున, శ్రీముఖలింగానికి ఎగువన ఒక పల్లె ఆమెది. పల్లె చివర మట్టితో కట్టిన బట్టీ. నత్తగుల్లలూ ఆలిచిప్పలూ ఏరి తెచ్చి, బొగ్గుతో పొరలు పొరలుగా పేర్చి కాల్చి, నీళ్ళు చల్లి సున్నం చేసేది. నీళ్ళు పడగానే గుల్ల బుసబుసా పొంగుతుంది కదా, దాన్ని ఆమె 'నవ్వడం' అనేది. ఇయ్యాల బాగా నవ్వినాది, సున్నం మెత్తగా వస్తాది అనేది. ఎవరికీ చేతికి సున్నం ఇచ్చేది కాదు. ఆకులో పొట్లం కట్టి కింద పెట్టేది, తీసుకునేవాళ్ళు వంగి తీసుకోవాలి. ఎంత పెద్ద ఉద్యోగస్తుడైనా సరే, వంగాల్సిందే. మోచేతుల దాకా తెలుపు, వేళ్ళ సందుల్లో పగుళ్ళు. అరచేతుల్లో గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. జాతకం చూసేవాడొకడు ఆమె చెయ్యి చూసి, ఏమీ చెప్పలేక లేచిపోయాడని చెప్పి నవ్వేది.

మొదటిసారి చూసింది ఒక కార్తీకమాసంలో. మా ఆవిడ మొక్కు తీర్చుకోవడానికి ముఖలింగం వెళ్ళి, అక్కణ్ణించి ఎగువ పల్లెలో ఉన్న వాళ్ళ పిన్నిగారింటికి ఆటోలో వెళుతున్నాం. టైరు పంక్చరై ఆటో సరిగ్గా ఆ బట్టీ ముందు ఆగింది. మామ్మ గోనె మీద కాళ్ళు బారజాపుకుని కూర్చుని, ఒళ్ళో చేట పెట్టుకుని గుల్లలు ఏరుతోంది. నాకు నత్తల మీద ఆసక్తి. ఆసక్తి కంటే, నత్తల గురించి తెలుసన్న పొగరు అంటే సరిగ్గా ఉంటుంది. కుప్పలోంచి ఒక్కొక్క గుల్లా తీసి, మా ఆవిడకి వాటి లాటిన్ పేర్లు చెప్పడం మొదలుపెట్టాను. మా ఆవిడ ఆటో వైపు చూస్తోంది. మామ్మ మాత్రం శ్రద్ధగా వింది. అయిదో పేరో ఆరో పేరో అయ్యాక అడిగింది.

"ఇన్ని పేర్లెట్టినోళ్ళు ఒక్కటైనా వండుకు తిన్నారేటి బాబూ?"

మా ఆవిడ నవ్వింది. మా పెళ్ళయ్యాక నా చదువు మీద ఆవిడ అంత మనస్ఫూర్తిగా నవ్వడం అదే మొదలు.

అప్పుడు గమనించాను, మామ్మ చూపు చేట మీద లేదు. రోడ్డు మీద పోయే మేకల్నీ, మమ్మల్నీ చూస్తూనే ఏరుతోంది. పని అంతా బొటనవేలిది. గుల్ల చేతికి రాగానే బొటనవేలు దాని నోటి మీదుగా జారుతుంది, గుల్ల పక్కకి పోతుంది. అలా జారుతూ జారుతూ వేలు ఒకచోట ఆగింది. ఆ గుల్లని చేటలో వెయ్యకుండా రొంటిన దోపుకుంది. ఏమిటని అడిగాను. ఎదురుచుట్టు గుల్ల, దీన్ని కాల్చకూడదు అంది.

చూస్తానంటే తీసి నేల మీద పెట్టింది. నేను వంగి తీసుకున్నాను. శనగగింజంత గుల్ల, తేనె రంగు, పలచగా ఉల్లిపొరలా ఉంది. నత్తగుల్లని మొన పైకి ఉండేట్టు, నోరు మనవైపు ఉండేట్టు పట్టుకుంటే, మామూలుగా ఆ నోరు కుడిపక్కన ఉంటుంది. దీనికి ఎడమపక్కన ఉంది. ఎడమచుట్టు నత్తలు అసలు లేకపోలేదు. కానీ ఇంత చిన్నవి, ఈ రంగువి, లోపలి అంచున పన్ను లాంటి చిన్న బొడిపె ఉన్నవి నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా లేవు. ఆటో బాగుపడ్డాక మా ఆవిడ నన్ను మూడుసార్లు పిలవాల్సి వచ్చింది.

శంఖాల్లో ఎదురు తిరిగినది దొరికితే లక్ష్మి అని పూజలో పెట్టుకోవడం మనకందరికీ తెలుసు. సున్నం కాల్చే ఆ ఇంట్లో ఆ మర్యాద శంఖం దగ్గర ఆగలేదు. ఎంత చిన్న గుల్లైనా సరే, చుట్టు ఎదురు తిరిగిందంటే అది గంగమ్మతల్లిది. నిప్పులోకి పోకూడదు. బట్టీ గోడకున్న గూట్లో ఒక సత్తుగిన్నె, అందులో పసుపు. ఏడాది పొడుగునా దొరికినవి అందులో వేసి, మళ్ళీ సంవత్సరం ఏటికి మొదటి వరద వచ్చిన రోజున తీసుకెళ్ళి నీళ్ళలో వదలాలి. వాళ్ళ అత్తగారు అలాగే చేసిందట, ఆవిడ అత్తగారూ అలాగే చేసిందట. నేను వెళ్ళేసరికి గిన్నెలో తొమ్మిది ఉన్నాయి. అన్నీ ఒకే రకం.

ఆ తొమ్మిదింటి కోసం మూడుసార్లు వెళ్ళాను. మొదటి రెండుసార్లు కుదరదంది. కోపంగా కాదు, పక్కింటివాళ్ళ వస్తువు మనం ఎలా ఇస్తామన్నట్టు చెప్పింది. మూడోసారి ఇది కొత్త జాతి అయి ఉండొచ్చనీ, ప్రపంచంలో ఎవరూ ఇంతవరకూ దీని గురించి రాయలేదనీ, రాస్తే ఎప్పటికీ ఉంటుందనీ చెప్పాను. ఎప్పటికీ అంటే ఎన్నాళ్ళని అడిగింది. మనమందరం పోయాక కూడా అన్నాను. చాలాసేపు బట్టీ కేసి చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి గిన్నె తెచ్చి నా ముందు నేల మీద పెట్టింది.

"ఇవి నావి కావు బాబూ, తల్లియి. ఇచ్చినందుకు నాను జవాబు సెప్పుకోవాల. ఏరింది పలానా మనిసి, ఇచ్చింది పలానా మనిసి అని ఆ పుస్తకంలో నా పేరు రాయండి. రేపు ఏరు అడిగితే దొంగసాటుగా ఇచ్చిందనుకోకూడదు."

తప్పకుండా రాస్తానన్నాను. ఇంటిపేరుతో సహా చెప్పింది. నా నోట్సులో రాసుకున్నాను. అక్షరాలు సరిగా పడ్డాయో లేదో చదివి వినిపించమంది, వినిపించాను. ఆమె నన్ను అడిగింది అదొక్కటే. తర్వాత కూడా ఇంకేమీ అడగలేదు.

జాతిని వర్ణించాలంటే అది ఎక్కడ దొరికిందో కచ్చితంగా రాయాలి. ఎక్కడ ఏరావని అడిగితే మామ్మ ఏటి మలుపు చూపించింది. వరద తీసేశాక అక్కడ చెత్తా పుల్లలూ నురగా కలిసి తెట్టు కడుతుంది. అందులో గుల్లలు గుప్పెళ్ళ కొద్దీ దొరుకుతాయి. అంటే గుల్ల అక్కడిది కాదు, ఎక్కడినుంచో కొట్టుకొచ్చింది. అది నాకు నచ్చలేదు. ఊరి వెనకాల చిన్న కొండ ఉంది, అక్కడిదే అయి ఉంటుంది పద అన్నాను. అరవై దాటిన మనిషి, నా వెనకాల కొండెక్కింది. రాళ్ళ సందుల్లో, ఆకుల కింద పొద్దుపోయేదాకా వెతికాం. రెండు మామూలు నత్తలూ, ఒక తేలూ దొరికాయి. నేను ఫోను తీసి అక్షాంశ రేఖాంశాలు నోట్ చేసుకుంటున్నాను. అదేం చేస్తోందని అడిగింది. మనం ఎక్కడున్నామో రాస్తోందని చెప్పాను.

"మనం ఉన్న దగ్గర రాసుకుంటే ఏటి లాబం బాబూ? అది ఉన్న దగ్గర రాయాల గాని," అంది. అని, ఏటికి ఎగువగా, ఒడిశా కొండల వైపు చెయ్యి చూపింది. "పైన వాన పడితేనే ఇది ఒస్తాది. మన కొండ మీద ఎంత వాన పడినా రాదు. ఇది ఇక్కడిది కాదు."

నలభై ఏళ్ళ పరిశీలన రెండు ముక్కల్లో చెప్పింది. నా విద్యార్థి ఎవరైనా అంత మాట అని ఉంటే వందకి వంద వేసి ఉండేవాణ్ణి. ఆమెతో మాత్రం, సరే చూద్దాంలే అన్నాను.

ఆ రోజుల్లో ప్రమోషనుకి పాయింట్లు కావాలి, పాయింట్లకి అచ్చయిన పేపర్లు కావాలి. నాకు ఒకే ఒక్కటి తక్కువైంది. నాకంటే చిన్నవాళ్ళిద్దరు ముందుకు వెళ్ళిపోయారు. వరద తెట్టులో సున్నం కాల్చే ఆవిడ ఏరింది, అసలు ఎక్కడిదో తెలియదు అని రాస్తే పత్రిక వాళ్ళు వెనక్కి పంపుతారని నాకు భయం. పంపేవాళ్ళో లేదో ఇప్పటికీ తెలియదు, ఎందుకంటే నేను అలా రాసి చూడలేదు. వర్ణన అంతా బాగానే రాశాను. ఎత్తు, వెడల్పు, చుట్ల సంఖ్య, గుల్ల అడుగున ఉండే బొడ్డు లోతు, ఆ చిన్న పన్ను, అన్నీ ఒకటికి నాలుగుసార్లు కొలిచాను. నత్త విషయంలో ఒక్క అబద్ధం లేదు. దొరికిన చోటు అన్నచోట ఆ కొండ అక్షాంశ రేఖాంశాలు వేశాను. కొండ మీద దొరికిందని రాశాక ఏరినవారు అన్నచోట ఆమె పేరు ఎలా వేస్తాను? రేపు ఎవరైనా వెళ్ళి అడిగితే, ఏట్లో దొరికాయని చెప్పేస్తుంది. అందుకని నా పేరు వేసుకున్నాను. ఒక అబద్ధం పక్కన రెండోది దానంతటదే వచ్చి కూర్చుంది. చివర కృతజ్ఞతల్లో ప్రిన్సిపాలుకీ, విభాగాధిపతికీ, మా ఆవిడకీ కూడా చెప్పాను. జాతికి పేరు పెట్టే హక్కు వర్ణించినవాడిదే కాబట్టి, మా విభాగాధిపతి ఇంటిపేరు పెట్టాను. ఆయన జన్మలో నత్తని ముట్టుకున్నవాడు కాదు. ఆ తొమ్మిది గుల్లలూ దూరాన ఒక మ్యూజియానికి వెళ్ళిపోయాయి. వెళ్ళినవి తిరిగి రావని నాకు ముందే తెలుసు.

పేపరు అచ్చయింది. దినపత్రికలో నా ఫొటో పడింది. స్టాఫురూములో స్వీట్లు పంచుతున్నాం. గుమ్మం దగ్గర మామ్మ కనిపించింది. బడ్డీకి సున్నం ఇవ్వడానికి టౌనుకి వచ్చిందట, బడ్డీ అతను నా ఫొటో చూపించి కాలేజీకి దారి చెప్పాడట. చెప్పులు బయటే విడిచి, తెల్లని చేతులు చీర కొంగులో దాచుకుని నిలబడింది. ముఖం వెలిగిపోతోంది. అందరూ తిరిగి చూశారు. ఎవరండీ అని విభాగాధిపతి నన్ను అడిగారు.

ఒక్క మాట చాలు. ఈ గుల్లలు ఇచ్చింది ఈవిడే అంటే సరిపోయేది. కానీ ఏరింది నేనేనని అచ్చులో ఉంది, కొండ మీద ఏరానని అచ్చులో ఉంది, ఆ కాగితం బల్ల మీద స్వీట్ల డబ్బా పక్కనే ఉంది.

"సున్నం అమ్ముకునే ఆవిడండి. మా అత్తగారికి తెచ్చిస్తూ ఉంటుంది," అన్నాను.

మా అత్తగారు నా పెళ్ళికి ముందే పోయారు. ఆ సంగతి మామ్మకి తెలుసు. మూడోసారి వెళ్ళినప్పుడు అత్తల గురించి మాట్లాడుకుంటూ నేనే చెప్పాను. ఆమె నా ముఖం కేసి ఒక్కసారి చూసింది. కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. చేటలో గుల్లని పక్కకి వేసేటప్పుడు ఎంతసేపు పడుతుందో అంతసేపే చూసింది. తర్వాత రొంటిలోంచి ఒక ఆకు పొట్లం తీసి, లోపలికి వచ్చి బల్ల అంచున పెట్టింది.

"అత్తగారికి సున్నం తెమ్మన్నారు కదా బాబూ. తెచ్చినాను," అంది.

అంతే. నా అబద్ధాన్ని తన చేత్తో సర్ది నిలబెట్టి వెళ్ళిపోయింది. ఎవరో పొట్లం విప్పి, గుల్లసున్నమండీ, ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతోంది అన్నారు. నేను కిటికీ దగ్గరికి వెళ్ళి చూశాను. గేటు దగ్గర నిలబడి చెప్పులు వేసుకుంటోంది. పిలవొచ్చు. గొంతెత్తితే వినపడే దూరమే. మళ్ళీ వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను.

ఆ తర్వాత అటు వెళ్ళలేదు. బడ్డీకి ఆమె వచ్చే వారం ఏదో తెలుసుకుని, ఆ రోజు వేరే దారిన వెళ్ళేవాణ్ణి. ఆమె కాల్చిన సున్నం మాత్రం మానలేదు, దాని రుచి నాకు అలవాటు. ప్రమోషను వచ్చింది. ఒకసారి ఎక్కడినుంచో ఒక పరిశోధక విద్యార్థిని ఫోను చేసింది. సార్, మీరు రాసిన కొండ మీద రెండు వానాకాలాలు వెతికాను, ఒక్క గుల్ల కూడా దొరకలేదు, నేనేమైనా తప్పు చేస్తున్నానా అని అడిగింది. ఈ మధ్య వానలు సరిగా లేవు కదమ్మా, ఓపిక పట్టాలి అన్నాను. ఓపిక గురించి పాఠం కూడా చెప్పాను. ఆ అమ్మాయి థాంక్స్ చెప్పింది.

మామ్మ పోయిందని విన్నాక నాలుగు రోజులు తిండి సరిగా తినలేదు. మా ఆవిడ అడిగితే అంతా చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు. ఇప్పుడైనా రాయండి, రాసి ఆ ఇంటికి వెళ్ళి చెప్పండి అంది. పత్రికకి దిద్దుబాటు ఉత్తరం రాశాను. గుల్లలు వరద తెట్టులో దొరికాయనీ, ఏరింది నేను కాదనీ, ఫలానా ఆమె అనీ రాశాను. ఆ ఉత్తరం తర్వాత పంపాను కూడా. అది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు. పోస్టు చేసేసరికి నా రిటైర్మెంటుకి ఆర్నెల్లే ఉంది, మునిగిపోయేది ఏమీ లేదు.

ఉత్తరం సంచీలో పెట్టుకుని ముందుగా ఆ పల్లెకి వెళ్ళాను. బట్టీ పట్టించుకునేవాళ్ళు లేక ఒక పక్క ఒరిగింది. మామ్మ కోడలు ఉపాధి పని నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. నేనెవరో చెప్పగానే, ఆ తడి కాళ్ళతోనే లోపలికి పరిగెత్తి కుర్చీ తెచ్చి వేసింది. మీరేనా బాబూ ఆ మాస్టారు అంది. నీళ్ళు ఇచ్చింది. అత్త మీ గురించి చెప్పని రోజు లేదంది. రేషను డిపోలో వేలు పెడితే మిషను ఎప్పుడూ పట్టేది కాదట, వేలిగీతలు ఉంటే కదా. డీలరు విసుక్కుంటే, నీ మిషనుకి నా వేలు తెలీకపోతే ఏమైంది, మాస్టారి పుస్తకంలో నా పేరు అచ్చయి ఉంది పో అనేదట. లైన్లో అందరూ నవ్వేవారట. చివరికి ఊళ్ళో ఎవరికి గొప్ప వచ్చినా, మన సున్నం మామ్మంత అయిపోయావా అనడం అలవాటైందట. నేను నీళ్ళ గ్లాసు కింద పెట్టేశాను. కాలేజీ నుంచి వెళ్ళిపోయిన మనిషి ఊరికి చేరి ఏం చెప్పుకుని ఉంటుందో, నేను ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అనుకోలేదు.

కోడలు చేతులు తుడుచుకుని ఎదురుగా కూర్చుంది. ఆ పుస్తకంలో అత్త పేరు ఏ పేజీలో ఉందో ఒకసారి చూపించమంది.

"లేదమ్మా," అన్నాను. "రాస్తానని మాటిచ్చి రాయలేదు. నా పేరు రాసుకున్నాను."

నేను సంచీలోంచి ఉత్తరం తీసి, ఇప్పుడు రాశాను, ఇదిగో, ఇది పంపిస్తాను, నీకు చదివి వినిపిస్తాను, కావాలంటే పదిమందిలో చెప్తాను అంటూ ఏదేదో మాట్లాడాను. ఆమె ఆ కాగితం వైపు చూడలేదు. లేచి, వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"మీరు పంపేది పంపుకోండి బాబూ. ఈ మాట మాత్రం ఊర్లో అనకండి," అంది చిన్న గొంతుతో. "అత్త ఇన్నాళ్ళూ అబద్దం ఆడినాదనుకుంటారు."

ఆమె అడిగినందుకే ఇక్కడ ఊరి పేరు రాయలేదు, మామ్మ పేరూ రాయలేదు.

బయటికి వచ్చేసరికి వీధిలో నలుగురైదుగురు చేరి ఉన్నారు. మాస్టారు వచ్చారని ఎవరో చెప్పి ఉంటారు. అరుగు మీద కూర్చున్న ముసలాయన కర్ర పట్టుకుని లేచి నిలబడి, నాకు దండం పెట్టాడు. మా సున్నం మామ్మ పేరు పుస్తకంలో రాసిన బాబు మీరేనా అని అడిగాడు. కోడలు గుమ్మంలో నిలబడి నా వైపే చూస్తోంది.

నేనేనని చెప్పాను.